చావింట్లో అనకూడని మాట

…అయినా ఆ మాట తాను అన్నట్టు లేదు, ఎవరో తన నోటిని ఒక్క నిమిషం అద్దెకు తీసుకుని అనేసి పోయినట్టుంది, అనుకున్నాడు మధుసూదన్. ఇలా అనుకోవడం మొదటిసారి కాదు. అనుకున్నప్పుడల్లా గుండె మీద బరువు కాస్త పక్కకు జరుగుతుంది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చి ఆ బరువును మళ్లీ ఉన్నచోటే పెడుతుంది. సరే, అద్దెకిచ్చింది ఎవరు?

అతను ఫ్యాక్టరీలో తన అద్దాల గదిలో కూర్చుని ఉన్నాడు. అద్దానికి అవతల షెడ్డు. అక్కడ మనుషులు నేల మీద కూర్చుని పలకరాతిని పొరలుగా చీలుస్తున్నారు. ఉలి మీద సుత్తి పడే చప్పుడు అద్దం దాటి సగమే లోపలికి వస్తోంది. ఒకప్పుడు ఈ షెడ్డులో పని చప్పుడు కంటే మాటల చప్పుడు ఎక్కువగా ఉండేది. ఇప్పుడు పని చప్పుడు ఒక్కటే మిగిలింది. బయటివాళ్లు చూస్తే ఎంత క్రమశిక్షణ అంటారు. నిజానికి అన్నారు కూడా.

పిచ్చయ్య కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఇంకొకరిని కూర్చోమని మధుసూదన్ చెప్పలేదు. చెప్పినా ఎవరూ కూర్చోరు. పిచ్చయ్య భార్య మాలకొండమ్మ కూడా ఈ షెడ్డులోనే పనిచేసేది. ఆమె చనిపోయింది, దినం కూడా అయిపోయింది. భార్య పోయిన మనిషి కొన్నాళ్లు పనికి రాకపోవడం వింత కాదు. కానీ పిచ్చయ్య అన్నం కూడా మానేశాడనీ, పొద్దస్తమానం గోడకు ఆనుకుని వీధి వైపే చూస్తున్నాడనీ చెప్పుకుంటున్నారు. ఆ సంగతి మధుసూదన్‌కు ఎవరూ నేరుగా చెప్పలేదు. నీళ్ల ట్యాంకు వెనక ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే చెవిన పడింది.

"మళ్లీ కలుద్దామని పిలిచి పోయినాడు గదా. ఇంక ఆయన నిలుస్తాడా?"

"ఊరుకో మే, వింటాడు."

"విననీ. అనేటప్పుడు లేని సిగ్గు వినేటప్పుడెందుకు?"

మార్కాపురం చుట్టుపక్కల ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చావింటికి పలకరింపుకు పోయినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు పోయొస్తామని చెప్పరు. ఊరికే లేచి, వెనక్కి చూడకుండా నడిచిపోతారు. పోయొస్తామంటే అదే పని మీద ఆ ఇంటికి మళ్లీ రావలసి వస్తుందని భయం. మధుసూదన్ చిన్నప్పుడు వాళ్ల నాయన అతని చేయి పట్టుకుని ఇలాంటి ఇళ్లలోంచి మాట లేకుండా బయటికి నడిపించేవాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ చేయి బిగుసుకునే ఉండేది.

ఇప్పుడు అతనికి ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. నమ్మకం లేదని తనకు తాను రోజూ చెప్పుకుంటున్నాడు. కానీ భయానికి నమ్మకంతో పని లేదని, అది వేరే గదిలో కాపురముంటుందని ఈ మధ్యనే తెలిసింది.

అంతా బాగుపడటానికే మొదలైంది. యజమాని ముస్తాక్ అహ్మద్ హైదరాబాదులో ఏదో వ్యాపారస్తుల సమావేశానికి వెళ్లి వచ్చి, "మధూ, నీకు కోచింగ్ పెట్టిస్తున్నా" అన్నాడు. మధుసూదన్ ఈ షెడ్డులో ఉలి పట్టుకుని మొదలుపెట్టి, మేస్త్రీ అయ్యి, మేనేజరయ్యాడు. మనుషులను నడిపించడం మాత్రం ఎవరూ నేర్పలేదు. కోచ్ పేరు ఉషారాణి. బుధవారాల్లో ఫోనులో కనిపించి మాట్లాడేది. గొంతు మెత్తగా ఉండేది. ఎదుటి మనిషి చెప్పేదంతా వినేది. అతని జీవితంలో అంత శ్రద్ధగా తన మాట విన్నవాళ్లు ఇంకొకరు లేరు.

మొదటి రోజే ఆమె అడిగింది. "మీ దగ్గర పనిచేసేవాళ్లను ఏమని పిలుస్తారు?"

అతను నవ్వాడు. "పేర్లతో ఎవరు పిలుస్తారు మేడం. ఒకాయన మామ, ఒకాయన చిన్నాయన. అత్త, అక్క, బావ. అంతా వరసలే."

"నిజంగా చుట్టాలా?"

"కాదు. అయినా అట్లనే."

"సరే. ఆ మామ రోజూ ఆలస్యంగా వస్తే, ఆలస్యం ఎందుకైందని అడగగలరా?"

మధుసూదన్ ఆలోచించాడు. "అడగలేను మేడం."

"మీకు అడ్డున్నది అదే" అంది ఆమె.

ఆ మాట వినగానే అతనికి కోపం రాలేదు, ప్రాణం తేలికపడింది. ఈ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఎన్నేళ్లుగానో ఆ వరసలు అతని భుజాల మీద కూర్చుని ఉన్నాయి. అల్లుడా అని పిలిచి పిచ్చయ్య అడిగిన సెలవు కాదనలేడు. అల్లుడా అని పిలిచి మాలకొండమ్మ చేసిన ఎగతాళికి ముఖం ముడుచుకోలేడు. అవన్నీ ఒక్కసారిగా దించేసుకోవచ్చని, దించుకోవడమే నాయకత్వమని చదువుకున్న మనిషి చెబితే వద్దనడానికి అతను దేవుడు కాదు.

మర్నాడు షెడ్డులోకి వెళ్లి, "పిచ్చయ్య గారూ, ఆ లోడు ఎంతవరకొచ్చింది?" అన్నాడు.

పిచ్చయ్య తల తిప్పి తన వెనక్కి చూశాడు.

"ఏం చూస్తున్నారు?"

"నా వెనకాల ఎవురన్నా పెద్దమనిషి నిలబడినాడేమో అని."

షెడ్డంతా గొల్లుమంది. కొంచెం దూరంలో టైల్సు ఏరుతున్న మాలకొండమ్మ, "ఏం అల్లుడా, రాత్రి జొరమొచ్చిందా? మా ఇంటికి రా, ధనియాల కషాయం పోస్తా" అంది. మధుసూదన్‌కూ నవ్వొచ్చింది. పెదవులు బిగబట్టుకున్నాడు. మొదట్లో అందరూ నవ్వుతారని, తాను నవ్వకుండా ఉంటే నాలుగు రోజుల్లో మానేస్తారని ఉషారాణి ముందే చెప్పింది.

అలాగే మానేశారు. నవ్వు పోయాక అల్లుడు పోయాడు. సార్ వచ్చాడు.

ఆ తర్వాత అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఆలస్యాలు తగ్గాయి. లారీలు చెప్పిన రోజుకే కదిలాయి. పనిలో తృప్తి ఎలా ఉందని అడిగితే షెడ్డులో ప్రతి ఒక్కరూ బాగుందన్నారు. గిద్దలూరులో పెట్టబోయే కొత్త యూనిట్‌ కూడా మధుసూదనే చూసుకుంటాడని ముస్తాక్ ప్రకటించాడు. ఉషారాణి తన మిగతా శిష్యులకు అతని గురించి చెబుతోందట. ఒక్కటే చిన్న తేడా. ఆ బాగుందనే మాట అందరూ ఒకే గొంతుతో అన్నారు.

అంతకు ముందు ఫిర్యాదులు వేరేలా వచ్చేవి. "అల్లుడా, ఆ ఫ్యాను గాలంతా నీకే, దుమ్మంతా మాకే. నీ పెండ్లాం మెచ్చే రంగు నీకు, బూడిద రంగు మాకు" అనేది మాలకొండమ్మ. అతను తిట్టుకుంటూ ఫ్యాను తిప్పేవాడు. వరసలో ఉన్న మనిషిని ఎగతాళి చేయొచ్చు. ఎగతాళిగా ఏమైనా అడగొచ్చు. సార్‌ను ఎగతాళి చేయడం ఎవరికి చేతనవుతుంది?

మాలకొండమ్మ పోవడానికి కొన్నాళ్ల ముందు, ఒక మధ్యాహ్నం ఈ అద్దం దగ్గరకు వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. అతను ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "చెప్పండి మాలకొండమ్మ గారూ" అన్నాడు. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. రాతిపొడి కనురెప్పల మీద కూడా ఉంది. ఏదో చెప్పబోయింది.

"బుధవారం సాయంత్రం అందరి మాటలూ వినడానికి టైం పెట్టాను గదా. అప్పుడు చెప్తారా? అప్పుడైతే పూర్తిగా వినగలను" అన్నాడు మధుసూదన్. అతను కసురుకోలేదు, మర్యాదగానే అన్నాడు. పూర్తిగా వినగలను అన్నప్పుడు అది నిజంగానే అనుకున్నాడు.

"ఏంలేదులే సార్" అంది ఆమె.

ఆ ఏంలేదులే ఇప్పుడు గదిలో తిరుగుతోంది. కంప్యూటర్ ఆపినప్పుడు, ఫ్యాను ఆగినప్పుడు, రెండు సుత్తి దెబ్బల మధ్య సందులో వినిపిస్తుంది. అది మామూలు గొంతే. ఏడుపు లేదు, నింద లేదు. నింద ఉంటే అతను జవాబైనా చెప్పుకునేవాడు.

ఆమెకు కొన్ని వారాలుగా ఆయాసం వస్తోందని, నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటోందని షెడ్డులో అందరికీ తెలుసు. అతనికి ఒక్కడికే తెలియదు. ఒక తెల్లవారుజామున వాకిలి ఊడుస్తూ పడిపోయిందట. గుండె.

పలకరింపుకు ముస్తాక్ కారులో వెళ్లారు. ముస్తాక్ చెప్పులు విడిచి నేరుగా వెళ్లి పిచ్చయ్య పక్కన నేల మీద కూర్చున్నాడు. భుజం చుట్టూ చేయి వేసి, "చాచా, ఎంత పనైపాయె చాచా" అని ఏడ్చాడు. మధుసూదన్ ఇస్త్రీ చొక్కాలో నిలబడే ఉన్నాడు. మీ బాధ అర్థం చేసుకోగలనన్నాడు. కంపెనీ మీకు తోడుగా ఉంటుందన్నాడు. ఒక్కదానిలోనూ తప్పు లేదు. చివర, ఏ సంభాషణనూ గాలికి వదిలేయకూడదని, మళ్లీ ఎప్పుడు కలుస్తామో చెప్పి ముగించాలని నేర్చుకున్న అలవాటు, అతని చేతిని ముందుకు చాపింది. పిచ్చయ్య చేయి పట్టుకుని అతను స్పష్టంగా, మెత్తగా అన్నాడు.

"మళ్లీ కలుద్దాం పిచ్చయ్య గారూ. తొందర్లోనే."

ఏడుస్తున్న ఆడవాళ్లు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో పిచ్చయ్య ఒక్కడే తలెత్తి అతన్ని చూశాడు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు, అయినా ఎదురుచూస్తున్న మనిషినే చూసినట్టు.

కారు రోడ్డెక్కాక ముస్తాక్, "క్యా మధూ, ఏం మాటది? చావింట్లో అనే మాటేనా?" అన్నాడు.

"ఎవరన్నారు సార్?" అన్నాడు మధుసూదన్. నిజంగానే అడిగాడు.

ముస్తాక్ అతని వైపు చాలాసేపు చూశాడు. "పిచ్చయ్యను నేను చాచా అంటా. మా అబ్బా కూడా భాయ్ అనేవాడు. నువ్వెందుకు మానుకున్నావు?"

"మేడం చెప్పింది గదా సార్."

"నాకూ చెప్పింది. సరేనమ్మా అన్నా, మర్చిపోయినా. ఆమె చెప్పిందంతా చేయమని ఎవరన్నారు నీకు?"

ఆ రోజు నుంచి మధుసూదన్ తన గొంతును తానే కాపలా కాస్తున్నాడు. కాపలా కాసినా జారిపోతోంది. మొన్న పొద్దున కూతురు లెక్కల్లో మార్కులు తగ్గాయని ఏడుస్తుంటే, "ఇందులో నీ చేతిలో ఉన్నదేంటి, లేనిదేంటి?" అని అడిగాడు. పిల్ల ఏడుపు ఆపి వాళ్లమ్మ వైపు చూసింది.

"ఆ మేడం మన ఇంట్లోనే ఉంటాంది. బియ్యం ఒక గ్లాసు ఎక్కువ పోస్తాలే" అంది భార్య కరుణమ్మ. తర్వాత పిల్ల బడికి పోయాక, ఎగతాళి వదిలేసి అంది. "నువ్వు నిద్రలో కూడా ప్రశ్నలడుగుతాండావు. ఎవురిని అడుగుతాండావో తెలీదు. ఆ పిచ్చయ్య మామ దగ్గరికి పోయి కూర్చో ఒక పూట. ఏం మాట్లాడబాక. పోయి కూర్చో."

"పోతే ఏమనుకుంటారో తెలుసా? పిలిచినోడు తీసకపోడానికి వచ్చినాడంటారు."

కరుణమ్మ పిల్ల తిన్న పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. ఆమెకూ అదే భయముందని అప్పుడర్థమైంది.

అద్దాల గదిలో ఫోను మోగింది. బుధవారం. తెరమీద ఉషారాణి, వెనక తెల్లటి గోడ.

"ఎలా ఉన్నారు మధుసూదన్ గారూ? గిద్దలూరు ప్లాన్ గురించి మాట్లాడుకుందామా?"

అతను ఇంకేదో చెప్పాలనుకుని ఇదే చెప్పాడు. మాలకొండమ్మ గురించి, పలకరింపు గురించి, ఆ మాట గురించి. పిచ్చయ్య అన్నం మానేయడం గురించి. "ఆయనకేమన్నా అయితే, నా నోరే చేసినట్టు" అన్నాడు.

"అది మీ చేతిలో ఉన్న విషయం కాదు కదా" అంది ఆమె. తర్వాత ఆగింది. ఆమె అలా ఆగడం అతను ఎప్పుడూ చూడలేదు. "ఏమన్నారు అక్కడ, ఇంకోసారి చెప్పండి?"

చెప్పాడు.

"మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కూడా చెప్పకుండానే లేచి వచ్చేసేవాళ్లు" అంది ఉషారాణి నెమ్మదిగా. "చిన్నప్పుడు నేను టాటా చెప్పబోతే మా పిన్ని నా నోరు మూసింది. ఇన్నేళ్లూ గుర్తే లేదు నాకు." ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మీకు నేర్పేటప్పుడు కూడా గుర్తు రాలేదు."

 ఆమె ఒక ప్రశ్న అడిగితే బాగుండు అనిపించింది అతనికి. ఇన్నాళ్లూ ఆమె ప్రశ్నల అంచు పట్టుకునే నడిచాడు. ఇప్పుడు ఆమె దగ్గర కూడా ప్రశ్న లేదు. చివరికి ఆమె అలవాటుగా, "అయితే వచ్చే వారం…" అని మొదలుపెట్టి సగంలో ఆపేసింది. అతను ఫోను పెట్టేశాడు.

లేచి బైకు తీశాడు. షెడ్డు ముందు నుంచి పోతుంటే సుత్తులు ఆగాయి. ఎక్కడికని ఎవరూ అడగలేదు. ఒకప్పుడైతే పది గొంతులు అడిగేవి.

కంభం పోయే దారిలో, రైలు కట్ట పక్కన ఉంది పిచ్చయ్య ఊరు. దారంతా ఎర్ర మట్టి చేలు, కంది మోళ్లు, ఎక్కడో ఒక బోరు. ఎండ మొహం మీద కొడుతోంది. ఏమనాలి అని ఆలోచిస్తే ఆ మెత్తటి గొంతే వాక్యాలు అందిస్తోంది. మీకిప్పుడెలా అనిపిస్తోంది. నేను మీకెలా ఉపయోగపడగలను. ఒక్కో వాక్యాన్నీ రోడ్డు మీద పారేసుకుంటూ పోయాడు. ఊరి మొదట్లో ఒక ముసలామె అతన్ని గుర్తుపట్టి, చంకలో ఉన్న పిల్లను కొంగు చాటుకు తీసుకుంది.

అందరూ చెప్పుకున్నట్టే ఉన్నాడు పిచ్చయ్య. ఇంటి ముందు పంచలో గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, వీధి వైపు చూస్తూ. గడ్డం పెరిగింది. చెంపలు లోపలికి పోయాయి. ఆయన ముందు మూత పెట్టిన పళ్లెం ఉంది. బైకు చప్పుడుకు ఆయన కదల్లేదు. వస్తాడని తెలిసినట్టే చూశాడు.

"రాండి సార్" అన్నాడు. లోపలికి తిరిగి, "కుర్చీ ఎయ్యండి సార్‌కి" అన్నాడు.

ఎవరో బంధువులావిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, అతని ముఖం చూసి గబగబా లోపలికి పోయింది. మధుసూదన్ కుర్చీలో కూర్చున్నాడు. అక్కడి నుంచి పిచ్చయ్య నడినెత్తి కనిపిస్తోంది. కట్ట మీద గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.

అప్పుడు పిచ్చయ్య అడిగాడు, కోపం లేకుండా, దారిన పోయేవాణ్ణి ఊరి పేరు అడిగినట్టు.

"ఈసారి ఎవురి కోసం వచ్చినారు సార్?"

మధుసూదన్ నోరు తెరిచాడు. నీ కోసమే అనబోయి, ఆ మాటకు ఈ పంచలో అర్థమేమిటో తెలిసి, నాలుక వెనక్కి తీసుకున్నాడు. ఎవరి కోసమూ కాదు అంటే అబద్ధం. ఊరికే వచ్చినా అంటే, ఊరికే వచ్చేవాడు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు? చూసిపోదామని అంటే పోవడం గురించి మాట్లాడినట్టవుతుంది. నేర్చుకున్న మాటలు, పుట్టుకతో వచ్చిన మాటలు, అన్నీ ఒక్కొక్కటే గొంతు దాకా వచ్చి, అక్కడ ఏదో చూసి బెదిరినట్టు వెనక్కి పోతున్నాయి.

"మీ అత్త వచ్చింది నీకాడికి" అన్నాడు పిచ్చయ్య. చూపు ఇంకా వీధి మీదే ఉంది. మీ అత్త అన్నానని ఆయనకు తెలిసినట్టు లేదు. "ఆ బుధవారం. చెప్పినావంట గదా సాయంత్రం రమ్మని. పోయి ఆ బల్ల మీద కూర్చుందంట. అద్దంలో నువ్వు ఫోన్లో మాట్లాడతాండావు. చెవుల్లో అయి పెట్టుకుని. బాగా నవ్వుతా మాట్లాడతాండావంట. పాపం పనిలో ఉండాడు, మళ్లీ వస్తాలే అనుకుని లేసొచ్చింది."

"నేను చూడలేదు" అన్నాడు మధుసూదన్. తన గొంతే. గరుగ్గా, వాడక తుప్పు పట్టినట్టు వచ్చింది.

"చూడలా. అదే చెప్పింది అది గూడా. చూడలా పాపం అని." పిచ్చయ్య గడ్డం గోక్కున్నాడు. "నిన్ను ఒక్క మాటనలా. అనుంటే నాకు బాగుండు."

లోపలి ఆవిడ గడప దగ్గరికి వచ్చింది. "పొద్దున పెట్టినదే అట్లనే ఉంది. నిన్నా ఇంతే. చెప్పి చెప్పి మా నోళ్లు పోయినాయి" అని గోడతో చెప్పినట్టు చెప్పి, లోపలికి పోయింది.

మధుసూదన్ పళ్లెం వైపు చూశాడు. మూత మీద ఈగ వాలింది. పిచ్చయ్య చేతులు ఒళ్లో వెల్లకిలా పడి ఉన్నాయి. రాయి చీల్చి చీల్చి గట్టిపడిన వేళ్లు, ఇప్పుడు ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టున్నాయి. ఆయన అడిగిన ప్రశ్న ఇంకా అక్కడే ఉంది, ఇద్దరి మధ్య నేల మీద కూర్చుని. ఆయన దానికి జవాబు అడగడం లేదు, జవాబు తెలుసనుకుంటున్నాడు. అందుకే తినడం లేదు. పోవలసిన మనిషి ఎందుకు తినడం?

ఆ సంగతి మధుసూదన్‌కు ఇప్పుడర్థమైంది. ఏ మాట అన్నా అది ఆ పాత మాట పక్కనే వెళ్లి కూర్చుంటుంది.

అతను కుర్చీలోంచి లేచాడు. పిచ్చయ్య, ఇక పోతాడనుకుని, కళ్లు మూసుకున్నాడు.

మధుసూదన్ కుర్చీని పక్కకు జరిపాడు. పంచ అంచున ఉన్న బిందెలోంచి నీళ్లు ముంచుకుని చేతులు కడుక్కున్నాడు. వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని పళ్లెం మీది మూత తీశాడు. అన్నం గట్టిపడి ఉంది. పప్పు ఒక పక్కకు కట్టింది. వేళ్లతో మెతుకులు విడదీసి, పప్పు కలిపి, ముద్ద చేసి, ఆ చేతిని ఆయన నోటి దగ్గరకు చాపాడు.